కళ్లజోడు వదిలించుకోవాలని వచ్చిన కృపావతి

అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పడం మా పెద్ద డాక్టరమ్మ పేరిందేవి గారికి అలవాటు లేదు. ఏదైనా అడిగితే కళ్లజోడు ముక్కు మీదకి జార్చి, పైనుంచి ఓ చూపు చూసి, "చూద్దాం, ఉండు" అనేవారు. ఆ "ఉండు" ఒక్కోసారి గంటలో తేలేది, ఒక్కోసారి నెల పట్టేది. అడిగినవాడు ఈలోగా మరిచిపోయినా ఆవిడ మాత్రం మరిచేవారు కాదు. ఇప్పుడు నా ఆసుపత్రిలో కుర్రడాక్టర్లు ఏదైనా సందేహం అడిగితే ఫోన్లో చూసి ఠక్కున చెప్పేస్తున్నాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడ గుర్తొచ్చి గుండె కలుక్కుమంటుంది. ఆ ఓపిక, ఆ తీరుబడి ఆవిడతోనే పోయాయి.

రాజమండ్రిలో మేం ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లోనే, కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లేజరు యంత్రం మా ఆసుపత్రికి కొత్తగా వచ్చింది. ఇహ చూడండి, హాలంతా తిరనాళ్లే! కాలేజీ పిల్లలు, పోలీసు సెలక్షన్లకి వెళ్లే కుర్రాళ్లు, కళ్లజోడుతో ఫొటో బాగోదనుకునేవాళ్లు, అందరూ వచ్చేవారు. వాళ్లతో మాట్లాడే పని తాతాజీది. పేరుకే తాత గానీ మా అందరిలోకీ చిన్నవాడు, చురుకైనవాడు. కంట్లో లెన్సులు పెట్టుకునేవాళ్లు కొలతలకి ముందు కొన్నాళ్లు మానెయ్యాలనీ, నంబరు కొంతకాలంగా మారకుండా నిలకడగా ఉండాలనీ, నల్లగుడ్డు మీది పొర పల్చగా ఉంటే అసలు చెయ్యకూడదనీ, తరవాత కళ్లు పొడిబారొచ్చనీ, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చనీ, నలభై దాటితే దగ్గరచూపుకి అద్దాలు పడతాయనీ, ఒకసారి చెక్కిన పొర తిరిగి రాదనీ గడగడా అప్పజెప్పేవాడు. ఒక్క ముక్క వదిలేవాడు కాదు. ఆ మాట నేను ఒట్టేసి చెబుతాను.

ఒకరోజు అతను కృపావతి అనే ఆవిడ కాగితాలు పట్టుకొచ్చి, మర్నాటి ఆపరేషన్‌కి పెద్ద డాక్టరమ్మ సంతకం అడిగాడు. ఆవిడ అవన్నీ చదివి, "ఈవిడకి తెలియాల్సినవన్నీ తెలుసా?" అన్నారు. తాతాజీకి చివుక్కుమంది.

"అన్నీ చెప్పాను మేడమ్. చెయ్యించుకునే ముందు మనిషికి ఇంతకంటే ఏం తెలియాలి? మీరే చెప్పండి."

"చూద్దాం, ఉండు," అని ఆవిడ హాల్లోకి నడిచారు. ఈసారి ఎంతసేపు ఉండాలో అనుకుంటూ మేమూ వెనకాలే వెళ్లాం.

కృపావతిది నరసాపురం దగ్గర పల్లెటూరు. నలభై దాటిన మనిషి. చిన్నప్పట్నుంచీ దూరం ఆనని కళ్లు, సీసా అడుగులాంటి అద్దాలు. పెద్ద డాక్టరమ్మ ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చుని, "ఇన్నేళ్లు పెట్టుకున్నావు కదమ్మా, ఇప్పుడెందుకు తియ్యాలనిపించింది?" అని అడిగారు.

"బళ్లో సోడాబుడ్డి అనేవోరండి. అత్తోరింట్లో కూడా అదే పేరైపోయిందండి," అని నవ్వింది కృపావతి. తరవాత గొంతు తగ్గించి చెప్పింది. "అద్దాలు రాకముందు మా నాన్న పడవ కాలవ మలుపు తిరగ్గానే గట్టు మీంచి నేనే ముందు కనిపెట్టేదాన్నండి. ఇప్పుడు తెల్లారి లెగిస్తే తలగడ చుట్టూ తడుముకోవాలండి. తడుముకోకుండా లెగిసి, వాకిట్లోకొచ్చి, ఆకాశం చూడాలండి అమ్మగారూ. అంతకంటే నాకేం వద్దండి."

ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. మనిషి జీవితమంతా దాచుకున్న కోరిక అంత చిన్నదైతే ఎవరికి మాత్రం కాదనాలనిపిస్తుంది?

"ఏం పని చేస్తుంటావమ్మా?"

"పనేం లేదండి. ఇంటికాడే ఉంటానండి."

తాతాజీ కాగితంలోనూ అదే ఉంది. పెద్ద డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టి, ఆవిడ నంబరుకి సరిపోయే మెత్తటి లెన్సులు తెప్పించారు. తాతాజీ కంగారుపడ్డాడు.

"మేడమ్! ఇప్పుడు లెన్సులు పెడితే రేపటి ఆపరేషన్ వాయిదా వెయ్యాలి."

"వెయ్యి," అన్నారావిడ. లెన్సులు స్వయంగా పెట్టి, కృపావతితో, "ఆపరేషనయ్యాక నీ చూపు ఎలా ఉంటుందో ఈ పూటంతా ఇంచుమించు అలా ఉంటుంది తల్లీ. సాయంత్రం దాకా ఇక్కడే కూర్చో. ఇంట్లో ఎలా పొద్దుపుచ్చుతావో ఇక్కడా అలాగే పొద్దుపుచ్చు," అని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆ పొద్దున కృపావతి సంబరం చూడాలి! కిటికీ దగ్గరికి పోయింది. ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర అంచుని తదేకంగా చూసింది. కరెంటు తీగ మీద పిట్టల్ని చూపించి పక్కనున్న ముసలమ్మకి వాటి ముక్కుల రంగు చెప్పింది. చిన్నపిల్లలా నవ్వింది, కొంగుతో కళ్లొత్తుకుంది. తాతాజీ నా వంక, చూశావా అన్నట్టు చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకూ మా పెద్దావిడ మీద కాస్త కోపమొచ్చింది. బంగారం లాంటి ఆపరేషన్‌ని ఊరికే వాయిదా వేయించారనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక హాలు సద్దుమణిగింది. కృపావతికి తోచలేదు కాబోలు, సంచిలోంచి తెల్లదారం ఉండ, కొన వంకీ తిరిగిన సూది, సగం అల్లిన లేసు పువ్వు తీసింది. ఆ పువ్వు చూసి నేను ఆగిపోయాను. గోరంత రేకులు, వాటిలో మళ్లీ వల. అంత సన్నని పనితనం నేను దుకాణాల్లో కూడా చూడలేదు.

సూది గుచ్చింది. కుట్టు అందలేదు. ఇంకా దగ్గరికి, ముక్కు దాకా తెచ్చుకుంది. మరీ అలుక్కుపోయినట్టుంది, మొహం చిట్లించింది. అప్పుడు ఆవిడ చెయ్యి తనంతట తానే లేచి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టడానికి ముక్కు దగ్గరికి వెళ్లింది. అక్కడ కళ్లజోడు లేదు. చెయ్యి గాల్లో కాసేపు వెతుక్కుని దిగింది. మళ్లీ సూది పట్టింది, మళ్లీ అదే చెయ్యి లేచింది.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. దూరం ఆనని కళ్లకి ఒక వరం ఉంది. అద్దాలు తీసేస్తే చాలు, నలభై దాటినా సరే, ముక్కు దగ్గర పెట్టుకున్న దారప్పోగు అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. లేజరు దూరాన్నిచ్చి ఆ వరాన్ని పట్టుకుపోతుంది.

"అమ్మగారూ! నా కళ్లకేదో అయిపోయిందండీ!" అని కృపావతి కేక పెట్టింది. తాతాజీ పరిగెత్తాడు.

"ఏం కాలేదండీ, కంగారుపడకండి. దగ్గరచూపుకి అద్దాలు పడతాయని చెప్పాను కదా!"

"ఆయ్, చెప్పారండి. అది పుస్తకాలు చదువుకునేవోళ్లకనుకున్నానండి. నాకు చదువెక్కడిదండి?"

"పనేం లేదన్నారు మరి?"

"ఇదీ ఓ పనేంటండి బాబూ? లేసేగా!"

తాతాజీ గబగబా వెళ్లి, దగ్గరచూపు అద్దాలు తెచ్చి పెట్టాడు. ఈసారి కనిపించింది గానీ, లేసుని ముక్కు దగ్గర్నుంచి మూరెడు దూరం జరపాల్సొచ్చింది. కృపావతి రెండు కుట్లు వేసి ఆపేసింది. "కనపడతంది బాబూ. కానీ అంత దూరాన పట్టుకుంటే వేరేవోళ్లెవరో అల్లుతున్నట్టుందండి," అంది.

ఈలోగా వచ్చిన పెద్ద డాక్టరమ్మ లెన్సులు తీసేశారు. కృపావతి పువ్వుని ముక్కు దాకా తెచ్చుకుంది. ఇందాక తప్పిపోయిన కుట్టుని సూదితో ఇట్టే పట్టుకుంది. ఒక రేకు పూర్తయ్యేదాకా తలెత్తలేదు. తలెత్తాక మాత్రం ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఆకాశమూ ఇదీ రెండూ ఉండవా అమ్మగారూ?"

"ఉంటాయమ్మా. కానీ రెంట్లో ఒకదానికి అద్దాలుంటాయి. దేనికుండాలో నువ్వే చెప్పాలి. ఇవాళే చెప్పక్కర్లేదు."

కృపావతి చాలాసేపు లేసుని వేలితో నిమురుతూ కూర్చుంది. ఆనక కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. "దూరానికే ఉంచేద్దారండి అద్దాలు," అంది. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత వదులుకుందో మాకందరికీ తెలుసు. దారం ఉండ సంచిలో వేసుకుని, అందరికీ దణ్ణం పెట్టి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

తాతాజీ ఆ కాగితాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చిన్నబోయిన గొంతుతో, "నేను చెప్పలేదా మేడమ్?" అన్నాడు.

పెద్ద డాక్టరమ్మ అతని భుజం మీద చెయ్యి వేశారు.

"చెప్పావు నాయనా, ఒక్కటీ వదల్లేదు. ఆవిడ కళ్ల గురించి అన్నీ చెప్పావు. ఆపరేషన్ జరగబోయింది ఆవిడ చేతులకి."