చిరుత ముఖం, నాలుగు అరటి బోదెలు

కుందేలు గవరయ్య దగ్గర మొదట ఉన్నది నూట ఎనభై బుట్టల వేరుశెనగ. కోతలయ్యాక అడవి అంచు చేలల్లో మిగిలిన పరిగె ఏరి కూడబెట్టాడు. దాంతో ఒక మంచి కారు కొని పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పాలన్నది అతని ఆలోచన.

మొదటి పని అప్పుడే దొరికింది. ఎర్రమట్టి కొండ మీద ఉండే ముళ్ళపంది బుచ్చన్న, శ్రావణంలో తన రెండో కూతురి పెళ్ళికి కింద నుంచి పెళ్ళికొడుకును తెచ్చే పని గవరయ్యకు ఒప్పజెప్పాడు. రెండే షరతులు పెట్టాడు. కారు మలుపు తిరుగుతుంటేనే అది ఏ మార్కో పైనున్న చుట్టాలు గుర్తుపట్టాలి. కొండ మీద మాత్రం జారకూడదు. కిందటేడు పెద్ద కూతురి పెళ్ళికి వచ్చిన కారు వానలో వెనక్కి జారి పెళ్ళికొడుకుతో సహా వాగులో పడింది. అతను బతికాడు గానీ ముళ్ళు సగం ఊడాయి, పెళ్ళి ఆగిపోయింది. ఈసారి కూడా అలా అయితే తన ఇంటి గడప ఎవరూ తొక్కరని చెబుతూ బుచ్చన్న కళ్ళు తుడుచుకున్నాడు.

గవరయ్య నేరుగా నక్క వరహాలు నడిపే పాత కార్ల షెడ్డుకు వెళ్ళాడు.

అక్కడ రెండు కార్లు తళతళలాడుతున్నాయి. ఒకటి నెమలి మార్కు. దాని ముందు జాలీ పురి విప్పినట్టు విశాలంగా ఉంది. నిలబడి ఉన్నా ఊరేగుతున్నట్టే కనిపిస్తుంది. రెండోది చిరుత మార్కు. సన్నటి దీపాలు, కిందికి వంచిన మూతి. నిలబడి ఉన్నా దూకబోతున్నట్టే ఉంటుంది. ఎంత దూరం నుంచి చూసినా రెండింట్లో దేన్నీ ఇంకొకటి అనుకోరు. బుచ్చన్న మొదటి షరతు రెండింటితోనూ తీరిపోయింది.

రెండో షరతు దగ్గర వరహాలు గొంతు సవరించుకున్నాడు. మామూలు కార్లలో రెండు చక్రాలే లాగుతాయి, మిగతా రెండూ ఊరికే దొర్లుతాయి, ఈ రెండింట్లో మాత్రం నాలుగూ లాగుతాయన్నాడు. నెమలిలో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందుతూనే ఉంటుందట. చిరుత ఇంకా తెలివైనదట. వెనక చక్రం జారిందని తెలియగానే, రెప్పపాటులో ముందు చక్రాలకు బలం పంపిస్తుందట. నెమలి నూట యాభై బుట్టలు, చిరుత రెండు వందల నలభై.

"తొంభై బుట్టలు తేడా," అన్నాడు గవరయ్య. "ఒక్కో పెళ్ళికి మూడు బుట్టలు మిగిలినా, ముప్పై పెళ్ళిళ్ళు ఆ రెప్పపాటుకే సరిపోతాయి వరహాలన్నా."

"లెక్కలు తర్వాత చేద్దువు గాని. ముందు ఎక్కి చూడు."

వరహాలు నెమలి కారును తడి నేల మీద ఒక చుట్టు తిప్పి చూపించాడు. గవరయ్య కారును కాదు, నేలను చూశాడు. వెనక చక్రాల దగ్గర మట్టి పెళ్ళలుగా లేచి వెనక్కి పడింది. ముందు చక్రాల జాడ మాత్రం అచ్చు వేసినట్టు శుభ్రంగా ఉంది. పక్కనే తన అడుగులు చూసుకున్నాడు. కుందేలు వెనక కాళ్ళతో తన్ని గెంతుతుంది, ముందు కాళ్ళు ఆనిస్తుందంతే. అచ్చం అదే జాడ. గవరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

పెరట్లోంచి నాలుగు అరటి బోదెలు నరికి, పైపొర ఒలిచి తెచ్చాడు. షెడ్డు గుమ్మంలోని బండరాయి వెనక చిన్న గాడి తవ్వి అందులో వాటిని అడ్డంగా పరిచాడు. వెనక చక్రాలు జారే బోదెల మీద, ముందు చక్రాలు ఎండిన రాయి మీద ఉంటాయి. ముందు చక్రాలు నిజంగా లాగేవైతే కారు బయటికి రావాలి. ఏది బయటికొస్తే దాన్ని అడిగిన ధరకే కొంటానని, తక్కువపడితే అప్పు తెస్తానని మాటిచ్చాడు.

వరహాలు లోలోపల సంబరపడ్డాడు. నెమలి కారుకు వెనక చక్రాలే లాగుతాయని అతనికి ముందే తెలుసు. అది కదలకపోతే గవరయ్య చచ్చినట్టు చిరుతే కొంటాడు. చిరుత మీద వరహాలుకు గట్టి నమ్మకం. దాన్ని రెండు వందల బుట్టలు పోసి, తనలాగే పాత కార్లు అమ్మే కొంగ దగ్గర కొన్నాడు మరి.

పాడైన కార్లు లాగే ఎద్దు సింహాచలం నెమలి కారును బోదెల మీదికి నెట్టాడు. వరహాలు లోపల కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ముందువి కదల్లేదు.

"నేనే చెబుదామనుకున్నా తమ్ముడూ," అన్నాడు వరహాలు, సిగ్గు లేకుండా. "అందుకే దాని ధర తక్కువ. ఇప్పుడు అసలుదాన్ని చూడు."

చిరుత బోదెల మీదికి ఎక్కింది. వెనక చక్రాలు తిరిగాయి. బోదెల రసం చిమ్మి సింహాచలం మూతి మీద పడింది. ముందు చక్రాలు రాయిలాగే ఉన్నాయి.

"పంపిస్తుంది. ఆగు," అన్నాడు వరహాలు. ఇంకా గట్టిగా తొక్కాడు. కారు గడగడలాడింది. ముందు ఏదో టక్కుమంది. ఇంకోటి టక్కుమంది. చిరుత ముఖం మొత్తంగా, దీపాల చట్రంతో సహా ఊడి రాయి మీద పడింది.

దాని వెనక నెమలి పురి ఉంది.

గవరయ్య నోట్లో నములుతున్న గడ్డిపోచ అలాగే ఉండిపోయింది. వరహాలు కారు దిగి ఆ జాలీని ముట్టుకుని చూశాడు, మళ్ళీ ముట్టుకుని చూశాడు. రెండు కార్లూ ఇప్పుడు ఒక్క తల్లి పిల్లల్లా పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

"పోయిన వానల్లో," అన్నాడు చివరికి, "మా ఆవిణ్ణీ పిల్లల్నీ ఇందులోనే కొండ ఎక్కించాను. నాలుగూ లాగుతున్నాయి, భయపడొద్దని చెప్పి."

అతని తోక కాళ్ళ మధ్యకు పోయింది. తాను వేరేవాళ్ళకు చెప్పే అబద్ధాన్నే కొంగ తనకు అమ్మిందని, తాను అందులో పిల్లల్ని కూర్చోబెట్టానని అప్పుడు అర్థమైంది.

సింహాచలం మూతి తుడుచుకున్నాడు. "అయితే ఈ షెడ్డులో నాలుగూ పెట్టి లాగేది నేనొక్కణ్ణే అన్నమాట," అన్నాడు.

ముఖం ఏ మార్కుదో మలుపు దగ్గరే తెలుస్తుంది. ఏ చక్రం లాగుతుందో తెలియాలంటే జారే చోట నిలబెట్టి చూడాలి.

గవరయ్య పెరట్లోకి వెళ్ళి నాలుగు కొత్త బోదెలు నరికి భుజాన వేసుకున్నాడు. ఏటి అవతల దుప్పి షెడ్డులో అడవిదున్న మార్కు కారు ఒకటి ఉందని విన్నాడు.

"తమ్ముడూ," అని వెనక నుంచి పిలిచాడు వరహాలు. "ఇంకో నాలుగు నరికిపెట్టవూ? కొంగ దగ్గరికి వెళ్ళాలి."

గవరయ్య నరికిచ్చి, తన బోదెలు సర్దుకుని ఏటి వైపు నడిచాడు.