కుడితిలో పడ్డ పొట్టేలు

చినకోటయ్య దొడ్లో రాజ్యమంతా పందెం పొట్టేలు గండయ్యదే. వాడు ఎవర్ని కుమ్మినా సరే, చినకోటయ్య మీసం దువ్వుకుని "శభాష్!" అంటూ చారెడు ఉలవలు పెట్టేవాడు. ఈ వైభోగాన్ని చిటికెడు అనే మేకపిల్ల రెప్ప వెయ్యకుండా చూసేవాడు.

ఒకనాడు వాడూ వెళ్ళి కోడిపెట్టను కుమ్మేసి, ఉలవల కోసం నోరు తెరుచుకు నిలబడ్డాడు. ఉలవలు రాలేదు. చినకోటయ్య పెళ్ళాం రత్తాలు కర్ర పుచ్చుకుని వచ్చింది.

"ఇంకోసారి కుమ్మావో, ఆదివారం నువ్వే కూర!"

చిటికెడు తల్లి గోరింటకి గుండె జారిపోయింది. గేదె దగ్గరికి పరిగెత్తి బావురుమంది.

"మా వంశంలో ఈ కుమ్ముళ్ళు లేవు వదినా! ఏ పాడు రక్తమో మరి!"

"రక్తమూ కాదు, గిక్తమూ కాదు. ఉలవలు," అంది గేదె నెమరు ఆపకుండా. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

గోరింట కొడుకుని కూర్చోబెట్టుకుంది. "నాయనా, పొట్టేలు కుమ్మితే పందెం, మేకపిల్ల కుమ్మితే పలావు. మానెయ్యరా!"

"మరి గండయ్య మావకి ఉలవలు పెట్టారుగా?"

వీడికి చెబితే ఎక్కదు, చూపించాల్సిందే అనుకుంది గోరింట. మర్నాడు పొద్దున్నే కుడితి గోలేనికి వీపు ఆనించి నిలబడింది.

"ఏం గండయ్యన్నా, నీ దెబ్బకి దోసకాయ కూడా పగలట్లేదట?"

"ఎవతే ఆ కూసింది!" గండయ్య తల వంచి దూసుకొచ్చాడు. గోరింట చటుక్కున పక్కకి తప్పుకుంది.

కుడితిలో పడ్డ ఎలుక సంగతి లోకమంతా చెప్పుకుంటుంది గాని, కుడితిలో పడ్డ పొట్టేలుని ఆ దొడ్డి చూడ్డం అదే మొదలు. గోలెం భళ్ళున పగిలింది. "పందెం లేదు, నీ మొహం లేదు!" అంటూ రత్తాలు గండయ్య మెడకి గుదిబండ కట్టి, వాడి ఉలవలు గేదెకి పోసేసింది.

"అమ్మో! కుమ్మితే గుదిబండ కడతారు. నేనింక కుమ్మనమ్మా," అన్నాడు చిటికెడు.

గోరింటకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తన తెలివికి తానే మురిసిపోయింది.

ఆ సాయంత్రం పేడకుప్ప దగ్గరున్న కొడుకుని ఇవతలికి రమ్మంది. వాడు కదల్లేదు.

"ఏమ్మా, ముసలిదానివైపోయావట? కొమ్ములు ఊగుతున్నాయట?" అన్నాడు, అచ్చం తల్లి గొంతుతోనే.

"ఎంత పొగరురా నీకు!" గోరింటకి ఒళ్ళు మండిపోయింది. నిన్నటి నుంచీ చెప్పిన నీతులన్నీ మర్చిపోయి, తల వంచి వాడి మీదికి దూకింది. చిటికెడు చటుక్కున పక్కకి తప్పుకున్నాడు.

కొమ్ములదాకా పేడలో దిగబడ్డ గోరింటని చూసి రత్తాలు ముక్కున వేలేసుకుంది. "దీనికీ అంటుకుందీ రోగం!" అంటూ మరో గుదిబండ వెతకడానికి వెళ్ళింది.

పిల్లల చెవికి మన మాట ఎక్కకపోయినా, కంటికి మన చేతలు ఎక్కక మానవు.