తాగి రాసే లెక్క

మా సంఘంలో సర్వేకు వెళ్లే ప్రతివాళ్లకూ ప్రసూనాంబ మేడమ్ నేర్పిన నియమం ఒకటుంది. గడప దగ్గర నిలబడి మంచినీళ్లు అడగాలి. ఆ ఇంటి నల్లా నీళ్లు తాగాలి. తర్వాతే కాగితం మీద "నీళ్లున్నాయి" అని రాయాలి.

ప్రజల లెక్కే ప్రజల ఆయుధమని గోడల మీద రాసిన కిరీటికి ఈ నియమం చాదస్తంగా తోచింది. అప్పుడు రంగు డబ్బా పట్టుకున్నది నేనే కనుక నాకూ అలాగే తోచింది.

"గుండ్లగట్టు తండాలో నలభై ఒక్క ఇళ్లు, నలభై ఒక్క నల్లాలు," అన్నాడు కిరీటి. "సర్కారు లెక్కా మన లెక్కా కలిశాయి. సుస్థిర అభివృద్ధిలో మంచినీళ్ల లక్ష్యం అక్కడ నెరవేరినట్టే కదా. ఇంకా ఇంటింటా నీళ్లు తాగుతూ తిరగాలా మేడమ్?"

"అక్కడ తాగావా?"

"బండి మీంచే లెక్కపెట్టాను. నల్లాలు కనబడుతూనే ఉన్నాయి."

ఆమె సంచీ భుజాన వేసుకుని బయలుదేరారు. మేమిద్దరం వెంట నడిచాం.

మిట్టమధ్యాహ్నం. తండాలో కుక్క కూడా లేదు. తలుపులకు తాళాలు. ప్రతి వాకిట్లోనూ నల్లా పూర్తిగా తిప్పి ఉంది. నీళ్లు లేవు, గాలి వస్తోంది. ఒకదాని తర్వాత ఒకటి, నిద్రలో మనిషి ఊపిరి వదిలినట్టు. కిరీటి ఒకదాన్ని కట్టేయబోయాడు.

"కట్టకు బిడ్డా."

చివరి గుమ్మంలో ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు జమ్లి. "పోయినోళ్లు తిప్పిపెట్టే పోయిండ్రు. నీళ్లొస్తే నాకు సప్పుడు ఇనబడాలె. వాళ్లకు కబురు పంపాలె. నాకొక్కదానికి వాగు ఇసుకల తోడిన చెలిమె సాలు."

"ఎందుకు పోయారు?" అన్నాడు కిరీటి.

"ట్యాంకర్ బందైంది గద. ఆఫీసుల అడిగితే మీ సంఘం కాగితమే చూపిండ్రు. మీరే నీళ్లున్నయని రాసినంక ఇంకేమడుగుతం?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది.

"దాహమైతుంది జమ్లమ్మా, నీళ్లిస్తవా?" అన్నారు మేడమ్.

జమ్లి చెంబు తెచ్చి నల్లా కింద పట్టింది. గాలి మూడుసార్లు వచ్చి పోయేదాకా ఓపికగా పట్టుకుంది. ఒలికిపోకుండా అరచేత్తో చెంబు మూతి మూసి, మెల్లగా నడిచి వచ్చి, రెండు చేతులా కిరీటికి అందించింది. లోపల చుక్క లేదు. చెంబు మాత్రం చల్లగా ఉందని అతను తర్వాత చెప్పాడు.

అతను మేడమ్ వైపు చూశాడు.

"తాగు నాయనా," అన్నారామె. "రాసేశావు కదా."