కుప్పలో పడింది కుప్పదే

ఒకానొక మెట్ట రాజ్యంలో వరికన్నా ఉన్ని ఎక్కువ పండేది. గొర్రెలకు కత్తెర వేసే కాలం వచ్చిందంటే కోట పక్కనున్న ఉన్ని చావడిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆడవాళ్లు నులక మంచాల మీద ఉన్ని పరిచి, దుమ్ము కిందికి రాలగొట్టి, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి మూడు కుప్పలు పెట్టేవారు. వీపు మీది మెత్తటి ఉన్ని శాలువాలకు. పక్కలది గొంగళ్లకు. కాళ్లది, పొట్టది, తోకదీ గుర్రాల జీను కింది మెత్తలకు.

ఆ చావడికి ఒక కట్టుబాటు ఉంది. చేతిలో ఉన్నంతసేపు ఎంతైనా తడుముకోవచ్చు, కుప్పలో వేశాక మాత్రం మళ్లీ తీయకూడదు. అనుమానం ఒకసారి వేలికి అంటుకుంటే పొద్దుగూకినా పని తెమలదని పెద్దల మాట. కుప్పలో పడింది కుప్పదే.

ఓదెలు ఆ కుప్పల మధ్యే పెరిగాడు. తల్లీ తండ్రీ లేని వాణ్ని మేనత్త ఐలవ్వ ఉన్ని ఏరుతూ సాకింది. నోరు చురుకైనది కావడంతో పెద్దయ్యాక రాజుగారి కొలువులో విదూషకుడయ్యాడు. రాజుగారి ముఖం చిన్నబోయే వేళకు ఒక మాట విసిరి సభను నవ్వించడమే అతని ఉద్యోగం.

రాజు పేరు విజయకేతుడు. ఆయనకు గుండెల దాకా దిగిన గడ్డమంటే గర్వం. దానికన్నా పెద్ద గర్వం, తాను దేన్ని ముట్టుకున్నా దాని విలువ తెలిసిపోతుందని. ఒకనాడు చావడి చూడవచ్చి, కుప్పలు చూసి ముచ్చటపడ్డాడు.

"ఉన్నికున్న పద్ధతి నా ప్రజలకు లేకపోవడమేమిటి? నేనే స్వయంగా అరచేతులు తడిమి రకాలు కడతాను. మొదటి రకం కోటలో, రెండో రకం పేటలో, మూడో రకం ఏటి అవతల. కుప్పలో పడింది కుప్పదే" అని శాసనం చేశాడు.

పండితుల చేతులు, మంత్రిగారి చేయి మెత్తనివి, వాళ్లు కోటలోనే ఉండిపోయారు. కమ్మర్లు, రైతులు మూటలు కట్టుకుని ఏటి దారి పట్టారు. ఐలవ్వ వంతు వచ్చింది.

ఆమె అరచేయి పట్టుకుని రాజు ఆగిపోయాడు. ఏళ్ల తరబడి ఉన్ని జిడ్డులో నానిన చేయి అది. వెన్నముద్ద. మంత్రిగారి చేతికన్నా, ఆ మాటకొస్తే రాజుగారి చేతికన్నా మెత్తన. గొంగడి కప్పుకున్న ముసలమ్మను మొదటి రకమని ఎట్లా అనడం? రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. సభంతా ఆయన ముఖం వంకే చూసింది.

ఓదెలు కన్నా ముందు ఓదెలు నోరు లేచింది.

"ప్రభూ, ఆ మెత్తదనం ఆమెది కాదు, గొర్రెలది. వేస్తే గొర్రెల్ని వేయండి మొదటి రకంలో."

సభ ఘొల్లున నవ్వింది. రాజు తెరిపిన పడి, నవ్వుతూనే ఐలవ్వను మూడో వైపుకు తోశాడు.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. "మాట మంచిగ నేర్చినవ్ రా ఓదెలూ" అంది. గొంగడి సర్దుకుని పడవెక్కింది.

ఆనాటినుంచి ఓదెలుకు అన్నం సయించలేదు. కొలువులో ఎవరు నవ్వినా ఆ నవ్వే వినిపించేది. ఏటి అవతల చావడి లేదు, కత్తెర వేసే గొర్రెలు లేవు. చేతులకు పని లేకపోతే అత్త ఎన్నాళ్లో బతకదని అతనికి తెలుసు. ఎట్లాగైనా వెనక్కి తేవాలి. కాళ్లు పట్టుకుంటే కరిగే రాజు కాదు. రాజును నవ్వించి పోగొట్టుకున్నదాన్ని రాజును నవ్వించే తెచ్చుకోవాలి.

ఒకరోజు కొలువులో తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏమిటా మొహం?" అన్నాడు రాజు.

"పేటలో ఒక పిచ్చి మాట నడుస్తోంది ప్రభూ. చావడి ఆడవాళ్లు కళ్లు మూసుకుని చేసే పని, రాజుగారికి కళ్లు తెరిచినా రాదట."

"ఎవడన్నాడు?"

"ఎవడైతే ఏం లెండి. వాణ్నిప్పటికే ఏరు దాటించారు."

"ఉన్ని గంప తెప్పించు. నా కళ్లకు గంత కట్టు."

రాజు కూర్చున్నాడు. ఒక్కో పిడికెడు తడిమి, మీసం మెలేసి, రకం చెప్పి కుప్పలో వేస్తున్నాడు. గంప అడుగుకు వచ్చాక ఓదెలు ఒక పోగు అందించాడు.

రాజు ముక్కు చిట్లించాడు. "ఛీ, ఇదేం బొచ్చు. ముసలి మేకది. అదీ తోక కిందిది."

"ప్రభువుల వేళ్లు అబద్ధమాడవు" అన్నాడు మంత్రి.

"చేతిలో ఉన్నంతసేపు సందేహించవచ్చు ప్రభూ. ఇంకోసారి తడమండి."

"నాకు సందేహమా? మూడో రకం." విసిరి కుప్పలో వేశాడు.

ఓదెలు గంత విప్పాడు. పక్కన రాజుగారి మంగలి ఖాళీ పెట్టెతో నిలబడి ఉన్నాడు.

"నిన్న తమ గడ్డం చివర్లు కత్తిరించారు గదా ప్రభూ. అవే. వాసన తెలియకుండా కాస్త గొర్రె జిడ్డు రాశాను. కుప్పలో పడింది కుప్పదే. పడవ వాడికి కబురు పెట్టాను, ఏటి అవతల తమకు గాలి తగిలే గుడిసె కూడా చూసి ఉంచాను. మంత్రిగారు మొదటి రకం గనుక తోడు రాలేరు."

రాజు చేయి మెల్లగా గడ్డం మీదికి పోయింది. కుప్పను చూశాడు, గడ్డాన్ని చూసుకున్నాడు. మంగలి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు రాజు పొట్టలోంచి నవ్వు లేచింది, తలపాగా జారేదాకా ఆగలేదు.

"నీ దుంప తెగ" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "శాసనం రద్దు. అందరినీ పిలిపించండి." తన భుజం మీది శాలువా తీసి ఓదెలుకు కప్పాడు.

రాజుగారు పదిమందికీ చెప్పుకుని నవ్వే కథ ఇక్కడితో సరి. ఓదెలుకు మాత్రం ఇంకా ఏరు దాటవలసి ఉంది.

అవతలి ఒడ్డున జనం సంబరంగా పడవలెక్కుతున్నారు. ఐలవ్వ ఒక్కతే గుడిసె ముందు కూర్చుని ఉంది. దారిన పోయే మందలు ముళ్లకంపల మీద వదిలిపోయిన ఉన్ని ఏరి తెచ్చుకుంది. ముందు మూడు చిన్న కుప్పలు, ఒక్కోటి గుప్పెడు.

"అత్తా, పోదాం పా. రాజు శాసనం ఎత్తేసిండు."

"ఇన్న. గడ్డం సంగతి గూడ ఇన్న. నవ్విన."

"మరి లే."

"రాజు ఎత్తేస్తడు. ఆయన చావడిల ఎప్పుడు కూసున్నడు? నన్ను ఈ కుప్పల ఏసింది రాజు చెయ్యి గాదు గద, బిడ్డా."

ఓదెలు శాలువా తీసి ఆమె ఒడిలో పెట్టాడు. "నీకే అత్తా. జర తడిమి చూడు, ఏ రకమో చెప్పు."

ఆమె తడమలేదు. "నేసినంక చూసుడు ఉండదురా. చూసేది నేసే ముందే."

ఓదెలు ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నేను ఏ కుప్ప, అత్తా?"

ఐలవ్వ కళ్లు మూసుకుంది. అతని గడ్డం పట్టుకుని, బొటనవేలితో చెంప తడిమింది, చావడిలో పిడికెడు ఉన్నిని తడిమినట్టే. పడవ వాడు కేకేశాడు. ఆమె చేయి ఏ కుప్ప వైపూ కదల్లేదు.

"ఇంకా నా చేతిలనే ఉన్నవ్ రా" అంది.

పడవ వాడు మళ్లీ పిలిచాడు. ఓదెలు ముఖం పక్కకు తిప్పకుండా అట్లాగే ఉండిపోయాడు.