సువర్ణరేఖ పండు, స్విట్జర్లాండు ప్రయాణం

పరాంకుశాచార్యులుగారిని ఎవరేది అడిగినా ఆయనకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు చుట్టూ చూస్తారు. చేతికందిన వస్తువేదో తీసి అడిగినవాళ్ళ చేతిలో పెడతారు. మోక్షం గురించి అడిగిన పెద్దమనిషికి ఒకసారి చిక్కుపడ్డ నూలుండ ఇచ్చి ఇంటికి పంపేశారట. అందుకని విజయనగరంలో ఆయన అరుగు మీద సాయంత్రం పాఠానికి కూర్చునేవాళ్ళు, ప్రశ్న నోట్లోంచి వదిలేముందు ఆయనకు దగ్గరలో ఏముందో ఓసారి చూసుకునేవారు.

కూర్మారావుగారు ఆ జాగ్రత్త తీసుకోలేదు. పాఠం ముగియగానే, "ఆచార్యులుగారూ, యూరప్ వెళ్ళడానికి ఏ నెల శ్రేష్ఠం?" అని అడిగేశారు.

వెనక స్తంభానికి చేరగిలబడి కూర్చున్న ఆయన భార్య మాణిక్యాంబ తల దించుకుంది. ఈ ప్రశ్న తమ ఇంట్లో పుట్టి, పెరిగి, ఇవాళ్టికి వీధిన పడింది. కూర్మారావుగారు కాలవల ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. అదును చూడందే గడ్డపార దిగనిచ్చేవారు కాదు. ఏప్రిల్‌లో అక్కడ పూలు బాగుంటాయి గానీ వానలట. జూన్‌లో ఎండ హాయిగా ఉంటుంది గానీ తీర్థానికి వచ్చినట్టు జనమట, పైగా అవి ఇంట్లో ఊరగాయలు తిరగకలిపే రోజులు. సెప్టెంబరు అన్నివిధాలా బాగుందనుకుంటే మహాలయ పక్షాలు అడ్డం. డిసెంబరంటే మంచు, మంచంటే మోకాళ్ళు. దుర్ముహూర్తం మన గడియారం ప్రకారం చూడాలా, వాళ్ళ గడియారం ప్రకారం చూడాలా అన్నది తేలక ఒక ఏడాది మొత్తం గడిచిపోయింది.

మాణిక్యాంబకు కావలసింది ఒక్కటే. స్విట్జర్లాండులో మంచుకొండ మీద నిలబడి, ఎవరూ చూడకుండా చిటికెడు మంచు తీసి నోట్లో వేసుకోవాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనని మాట ఇంకొకటీ ఉంది. ఈమధ్య ఆమెకు మరుపు వస్తోంది. మొన్న ఒక పెళ్ళిలో తోటికోడలి పేరు నోటికి రాక, భోజనాలయ్యేదాకా "ఇదిగో, నిన్నే" అంటూ నెట్టుకొచ్చింది. ఇంకా ఆగితే, ఆ కొండ ఎదురుగా నిలబడి "మనమిక్కడికెందుకొచ్చామండీ?" అని అడుగుతానేమోనని ఆమె బెంగ.

ఆచార్యులుగారు చుట్టూ చూశారు. పక్కనే గడ్డి పరిచిన బుట్టలో, ఎవరో శిష్యులు తెచ్చిన సువర్ణరేఖ మామిడిపళ్ళు మాగుతున్నాయి. ఇంకా రంగు తిరగని పండొకటి ఏరి కూర్మారావుగారి చేతిలో పెట్టారు.

"ఇది సరిగ్గా పక్వానికొచ్చిన రోజున పట్టుకురండి. ముందు రోజు వద్దు, మర్నాడూ వద్దు. అప్పుడు మీ నెల సంగతి చూద్దాం."

కూర్మారావుగారికి పరీక్షలంటే ఇష్టం. పండును హాల్లో గడియారం కింద బల్ల మీద, మడతపెట్టిన తువాలు మీద కూర్చోబెట్టారు. పొద్దున లేస్తూనే ముచ్చిక దగ్గర బొటనవేలితో నొక్కేవారు. కాఫీ తాగి మళ్ళీ నొక్కేవారు. వాసన చూసి "ఇంకా పచ్చివాసనే" అని వాకింగుకు వెళ్ళి, తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే ఇంకోసారి నొక్కేవారు. "నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకే" అని భార్యకు హెచ్చరిక.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా మాణిక్యాంబ కంచంలో పెరుగన్నం కలుపుకుంది. పళ్ళ రోజుల్లో పెరుగన్నం కలిపితే కళ్ళు మామిడిపండు కోసం వెతుకుతాయి. బల్ల మీద కనబడింది. లేచి కడిగి, కోసుకుని, హాయిగా టెంక చీకుతుండగా అప్పుడు జ్ఞాపకం వచ్చింది. మరుపు తననేదో చేస్తుందని ఇన్నాళ్ళూ భయపడింది గానీ, గురువుగారి పండు తినిపిస్తుందని అనుకోలేదు. టెంకను కొంగుచాటున తీసుకెళ్ళి పెరట్లో పాతేసింది. వీధి మలుపులో బండి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళి, అదే ఈడు పండొకటి తెచ్చి తువాలు మీద పెట్టింది.

కూర్మారావుగారు లేచి, నొక్కి, "కాస్త దారికొస్తోందోయ్" అన్నారు.

ఇంకో రెండు రోజులు పోయాక మాణిక్యాంబ దాన్నీ తినేసి మరొకటి పెట్టింది. "చూశావా, నేను చెప్పినట్టే రంగు తిరుగుతోంది" అన్నారాయన.

ఆ వారం చివర ఓ సాయంత్రం ఆయన పండును తువాలుతో సహా పట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని ఆచార్యులుగారి అరుగెక్కారు. "ఇవాళే. నిన్నటికి కాలేదు, రేపటికి ఆగదు" అని అందరికీ వినబడేలా చెప్పారు. ఆచార్యులుగారు కత్తి తెప్పించి కోశారు. తొక్క నిగనిగలాడుతోంది గానీ, లోపల ముచ్చిక చుట్టూ బొటనవేలంతేసి మచ్చలు నల్లగా నీరుకారుతున్నాయి. అరుగు మీద ఎవరో నవ్వాపుకోవడానికి దగ్గారు.

భర్త ముఖం చూసి మాణిక్యాంబకు జాలేసింది.

"అది మీరిచ్చిన పండు కాదండీ ఆచార్యులుగారూ. మీరిచ్చింది మర్నాడే తినేశాను. మరిచిపోయి తిన్నాను. దాని బదులు పెట్టింది కూడా తినేశాను. ఇది మూడోది."

"రెండోదీ మరిచిపోయే తిన్నావా?" అన్నారు కూర్మారావుగారు.

"లేదండీ. అది గుర్తుండే తిన్నాను."

"మరి నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదే."

"మీరు నొక్కారండీ. చూడలేదు."

అరుగు మీద దగ్గులు ఎక్కువయ్యాయి. ఆచార్యులుగారు మాత్రం నవ్వకుండా, "ఎలా ఉందమ్మా పండు?" అని అడిగారు.

"మొదటిది ముచ్చిక దగ్గర కాస్త పుల్లగా ఉందండి. పెరుగన్నంలోకి ఆ పులుపే బాగుంది. టెంక దగ్గరికి వచ్చేసరికి తియ్యదనం. రెండోది తీపే గానీ పీచు పళ్ళలో ఇరుక్కుంది. సాయంత్రందాకా నాలుక అక్కడే తిరిగింది." ఇంత వివరంగా జ్ఞాపకం ఉన్నందుకు మాణిక్యాంబకే ఆశ్చర్యం వేసింది.

కూర్మారావుగారు తువాలు దులిపి భుజాన వేసుకున్నారు. "అదంతా సరే. ఏ నెలో చెబుతానన్నారు, చెప్పనేలేదు" అన్నారు.

ఆచార్యులుగారు గడ్డిబుట్టను ఆయనకు అందనంత దూరం జరిపారు.

"నన్నడుగుతారేం? తిన్నవాళ్ళు మీ పక్కనే ఉన్నారు."