ఉన్నాను ఉస్తాద్

కాంచనకి తిక్క రేగిపోయింది. మూడు వారాలుగా మీటరు మీద అదే అంకె. ఎనభై నాలుగు.

టీకా మందులు దాచే ఫ్రిజ్‌కి సోలార్ బ్యాటరీ నుంచి కరెంటు మార్చి ఇచ్చే పెట్టె అది. కరెంటు సరిగా అందని ఊళ్ళలోని ఆరోగ్య కేంద్రాల కోసం. పెట్టెలో ఒక చిప్, ఆ చిప్‌లో కాంచన రాసిన ప్రోగ్రాం. బ్యాటరీ వంద ఇస్తే రోజు మొత్తం మీద తొంభై అయినా ఫ్రిజ్‌కి చేరాలి. శనివారం ఇన్‌స్పెక్షన్. తప్పిందా, ఈ పెట్టె అటకెక్కుతుంది, ఇంతకన్నా ఎక్కువ కరెంటు మింగే పాతదే మళ్ళీ ఊళ్ళకి వెళ్తుంది. ముసురు పట్టిన మూడో రోజుకల్లా బ్యాటరీ చచ్చి, మందులు పాడవుతాయి.

సోమవారం, "లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం బాలేదు," అంది.

"ముప్పై ఏండ్ల సంది చుడుతున్న. నా చేతికి వంక పెట్టకు మేడం," అన్నాడు కాయిల్స్ చుట్టే బుచ్చిరాములు.

మంగళవారం మీటరుదే తప్పంది. కొత్త మీటరు తెచ్చారు. అదీ సిగ్గులేకుండా ఎనభై నాలుగే చూపించింది. బుధవారం నాటికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

అప్పుడు వెళ్ళింది జిలానీ ఉస్తాద్ దగ్గరికి. బాలానగర్‌లోని ఆ షెడ్డు ఆయనదే. కంప్యూటర్ ముట్టుకోరు. అయినా అక్కడ ఎవరు పని నేర్చుకున్నా ఆయన దగ్గరే.

"ఫ్రిజ్ ఫుల్ లోడ్ మీద నడిచేటప్పుడు తొంభై ఆరు ఉస్తాద్! తొంభై ఆరు! రోజంతా కలిపితే మాత్రం ఎనభై నాలుగు. ఏం చేసి చావమంటారు?"

ఆయన పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. ఫ్రిజ్ చల్లబడి కంప్రెసర్ ఆగి చాలాసేపైంది. పెట్టె మాత్రం వెచ్చగానే ఉంది.

"ఫ్రిజ్ పడుకుంది. ఇదేం చేస్తోంది, బేటీ?"

"స్విచింగ్. సెకనుకి యాభై వేల సార్లు ఆన్, ఆఫ్. వోల్టేజి వెంట్రుకవాసి కదిలినా సరిచేస్తోంది."

"ఎవరడిగారు?"

"అడిగేదాకా ఆగితే ఎలా? కంప్రెసర్ ఏ క్షణంలో లేస్తుందో ఎవరికి తెలుసు? ఒకటి, సిద్ధంగా లేకపోతే వోల్టేజి పడిపోతుంది. రెండు, మోటారు మొరాయిస్తుంది. మూడు..."

కాలేజీ డిబేట్లలో అవతలి జట్టు చేత మూడు చెరువుల నీళ్ళు తాగించిన గొంతు అది. ఉస్తాద్ చెయ్యెత్తారు.

"బాగుంది. నువ్వూ సిద్ధంగా ఉండు. ఆ స్టూలు మీద కూర్చో. నేను ఏ క్షణంలో పిలుస్తానో తెలీదు కదా? 'ఉన్నాను ఉస్తాద్' అంటూ ఉండు. ఆపకు."

"ఇన్‌స్పెక్షన్‌కి మూడు రోజులే ఉంది ఉస్తాద్!"

"ఆపకు అన్నాను."

కూర్చుంది. "ఉన్నాను ఉస్తాద్. ఉన్నాను ఉస్తాద్."

ఐదు నిమిషాలు. పది. "మేడం, జర తాళం గూడ ఎయ్యి," అన్నాడు బుచ్చిరాములు. షెడ్డంతా గొల్లుమంది. కాంచన అతన్ని కొరకొరా చూస్తూ గొంతు పెంచింది. కోపంలో ఇంకా పెంచింది. "ఉన్నాను ఉస్తాద్! ఉన్నాను ఉస్తాద్!" ప్రాజెక్టు గంగలో కలుస్తుంటే ఈయనకి ఆటలు! అరగంటకి గొంతు జీరపోయింది. అయినా ఆపలేదు. ఆపితే ఓడినట్టే.

ఎవరో భుజం తట్టారు. ఉస్తాద్.

"మూడుసార్లు పిలిచాను, బేటీ."

"అబద్ధం!" నాలుక కరుచుకుని బుచ్చిరాములు వైపు తిరిగింది.

"పిలిచిండు మేడం. నేనిన్న." ఈసారి అతను నవ్వలేదు. "నువ్వు నీ పాటల నువ్వున్నవ్."

 

ఉస్తాద్ తన బల్ల దగ్గరికి వెళ్ళి సోల్డరింగ్ పనిలో పడ్డారు. కాంచన స్టూలు మీదే ఊరికే కూర్చుంది. వీధిలో ఆటో హారన్. పక్క షెడ్డులో డ్రిల్లింగ్. వాటి మధ్యలో, తలెత్తకుండా, గొణిగినంత మెల్లగా ఆయన అన్నారు: "కాంచనా."

స్టూలు వెనక్కి పడేంత వేగంగా లేచింది.

"పో. పని చూసుకో," అన్నారు ఆయన.

ఆ సాయంత్రం ఆమె ప్రోగ్రాంలో, ఫ్రిజ్ పడుకున్నా సరిచేస్తూనే ఉండమనే సగం పేజీ కొట్టేసింది.

శుక్రవారం పొద్దున మొదలుపెట్టిన పరీక్ష శనివారం పొద్దున పూర్తయింది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఇంజినీరు మీటరు చూశాడు. తొంభై ఒకటి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పెట్టె మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

"ఇది ఆగిపోయిందేమోనమ్మా?"

అంతలో కంప్రెసర్ గుర్రుమంటూ లేచింది. పెట్టె అందుకుంది. వోల్టేజి ముల్లు కొద్దిగా కదిలి, నిలబడింది.

"మరి ఇంతసేపూ ఇదేం చేస్తున్నట్టు?"

చెప్పడానికి కాంచన దగ్గర చాలా ఉంది. ఒకటి, రెండు, మూడు, పటాలతో సహా. ఉస్తాద్ అటు తిరిగి వైరు ఒలుస్తున్నారు.

"వింటోంది సార్," అంది.