అసుంత మామ్మ తొక్కిన నేరేడు

అనగనగా, సముద్రంలో ఉప్పెవరు కలిపారా అని జనం ఇంకా దెబ్బలాడుకుంటున్న కాలంలో, మా గవ్వలపేటలో జరిగిన కథ. నిజమేనా అని నన్నడక్కండి. మూడో తరగతి మూడేళ్ళు చదివినవాణ్ణి. చూసింది చెప్పమంటే తడబడతాను గాని, విన్నది చెప్పమంటే ఎక్కడా ఆగను.

ఒకనాడు రేవుకి ఇటలీ దేశపు ఓడ వచ్చింది. నల్లగౌను వేసుకున్న ఒక ముసలావిడ దిగింది. పేరు అసుంత. చంకలో చంటిది, మనవరాలు లూసీ. కొడుకునీ కోడలినీ దారిలోనే జ్వరం మింగేసింది. ఊరిపెద్ద జాలిపడి ఒక గుడిసె ఇచ్చాడు. అసుంత ఆయన్ని దగ్గరికి లాక్కుని రెండు చెంపల మీదా ముద్దు పెట్టింది. వాళ్ళ దేశంలో దండమంటే అదేనట!

ఊరంతా తెల్లబోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

పెద్దాయన మూడు రోజులు గడప దాటలేదు. భార్య దాటనివ్వలేదు.

మరుసటేడు అసుంత గోధుమపిండి పిసికి, సన్నటి తాళ్ళు చేసి, వలలు ఆరేసే దండేల మీద ఆరేసింది.

"ఓలమ్మో, పిండితో వల అల్లుతోందే!"

ఊరంతా తెల్లబోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ తాళ్ళు ఉడకబెట్టి చేపల పులుసు పోసి పెట్టాక మాత్రం, తెరిచిన నోళ్ళు బాగా పనికొచ్చాయి.

లూసీ పెరిగింది. పడవ నడిపే నూకయ్య ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. ముహూర్తం పెట్టుకోడానికి అతని తండ్రి జోగులు బంధువులతో వచ్చాడు. వెనకాల కర్ర పట్టుకుని జోగులు తల్లి గున్నమ్మ.

వచ్చి చూస్తే పెరట్లో సగానికి కోసిన ఓడ పీపా. దాన్నిండా నేరేడు పళ్ళు. వాటి మీద, గౌను మోకాళ్ళ పైకి దోపుకుని, అసుంత. తొక్కుతోంది!

ఊరంతా తెల్లబోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"తినే పండుని కాలితో తొక్కుతుందా! ఈ ఇంటి పిల్ల మాకొద్దు. పదండ్రా!" అన్నాడు జోగులు.

లూసీ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వీళ్ళు వెళ్ళిపోతే ఆ పిల్లని చేసుకునేవాడు ఆ తీరంలో ఇంకొకడు లేడు. రేపు మామ్మ పోతే పలకరించే దిక్కూ లేదు. అది అసుంతకీ తెలుసు. అయినా ఆవిడ కాళ్ళు ఆగలేదు.

గున్నమ్మ కర్ర అడ్డం పెట్టింది. "ఆగరా జోగులూ. ఏటే అసుంతా, ఎందుకే ఈ తొక్కుడు?"

"మా దేశంలో మనవరాలి పెళ్ళికి రసం మామ్మే తొక్కాలి వదినా. ద్రాక్ష దొరకలేదు, నేరేడు దొరికింది. రోట్లో దంచితే గింజ చితికి చేదెక్కుతుంది. కాలికైతే గింజ తెలుస్తుంది. ఇప్పుడాపేస్తే పెళ్ళినాటికి పులియదు."

గున్నమ్మ కొడుకు కేసి తిరిగింది. "మొన్న గురువుగారొస్తే కాళ్ళు కడిగి ఆ నీళ్ళు తాగావు కదరా. ఆయన ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో అడిగావేటి?"

"ఆయన పెద్దాయనమ్మా..."

"మేం చంటిపిల్లలమేటి?"

కర్ర పారేసింది. కాళ్ళు కడుక్కుంది. చీర ఎగదోపింది. "జరగవే ముసలిదానా, నాకూ కాస్త చోటియ్యి!"

దిగింది! ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఇద్దరు మామ్మలూ గుండ్రంగా తిరుగుతూ తొక్కారు. జోగులు తల్లి పారేసిన కర్ర ఏరి పట్టుకున్నాడు. అక్కడే ముహూర్తం పెట్టారు. పెళ్ళీ అయింది.

ఏళ్ళు గడిచి అసుంత పోయింది. ఆఖరి స్నానం చేయిస్తుంటే పాదాల ఊదారంగు వదల్లేదు. ఒకరు రుద్దారు, ఇద్దరు రుద్దారు, ముగ్గురు రుద్దారు. వదల్లేదు. ఊరంతా తెల్లబోయింది. ఈసారి నోరు మాత్రం ఎవరూ తెరవలేదు. గున్నమ్మ మెల్లిగా చీర కుచ్చిళ్ళు పైకెత్తింది. ఆవిడ పాదాలూ ఊదాయే!

ఇప్పటికీ మా గవ్వలపేటలో సంబంధం ఖాయమైతే రెండు వైపుల మామ్మలూ ఒకే తొట్టిలో దిగి నేరేడు తొక్కుతారు. మామ్మ లేని ఇంటివాళ్ళు పక్కింటి మామ్మని బతిమాలి తెచ్చుకుంటారు. పెళ్ళినాడు మొదటి గిన్నె, ఆ సంబంధం వద్దని అందరికంటే గట్టిగా అరిచినవాడికి పోస్తారు. వాడు "అసుంత మామ్మ కాళ్ళకి దండం" అని గుక్క తిప్పుకోకుండా తాగాలి.

మా పెద్దమ్మాయి పెళ్ళిలో ఆ గిన్నె నాకే పోశారు.